ఇంద్రుణ్ణి తన్నిన నంది

మాఘమాసం, ఆదివారం. అరసవల్లి గుడి దగ్గర పిడకల పొగకి కళ్లు మండిపోతున్నాయి. మామ్మ ఇత్తడి గిన్నె ముందు కూర్చుంది. పాలు పొంగి అంచు మీంచి జారి పిడకమీద చుర్రుమన్నాక గానీ బియ్యం వెయ్యలేదు. విశాఖలో జీవశాస్త్రం చదువుతున్న మనవరాలు మాటిమాటికీ క్యూ వైపు చూస్తోంది.

"మామ్మా, టికెట్టు కొనుక్కుని ముందుకెళ్లిపోదాం."

"ఇంద్రుడూ ఇలాగే తొందరపడ్డాడే గుంటా," అంది మామ్మ, గరిటె తిప్పుతూ.

నాగావళి ఒడ్డున బలరాముడు కోటేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడట. దేవతలందరూ వచ్చి దణ్ణాలు పెట్టుకుని వెళ్లారు. ఇంద్రుడొక్కడు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి స్వామీ అమ్మవారూ ఏకాంతంలో ఉన్నారు. గుమ్మం దగ్గర నంది. "ఇప్పుడు వేళ కాదు" అన్నాడు. "నేనెవరో తెలుసా?" అని ఇంద్రుడు వజ్రాయుధం ఎత్తాడు. నంది ఒక్క తాపు తన్నాడు. దేవతల రాజు అంత దూరం ఎగిరి ఇక్కడొచ్చి పడ్డాడు. ఒళ్లు తెలీకుండా పడి ఉన్నవాడికి సూర్యుడు కలలో కనిపించి, పడ్డచోటే తవ్వమన్నాడు. వజ్రాయుధంతో తవ్వితే ముగ్గురు దేవేరులతో సూర్యుడి విగ్రహం దొరికింది. ఆ గొయ్యే ఇంద్ర పుష్కరిణి.

"నంది ఆయన కిరీటం చూళ్లేదా మామ్మా?"

"సూసే ఉంటాడు. కిరీటంతో ఆడికేటి పని? ఏల కాదు, అంతే."

మనవరాలు నవ్వింది. "మా పుస్తకంలోనూ ఒక నంది ఉన్నాడే మామ్మా."

నీతి: గుమ్మం ముందు గొప్పలు చెల్లవు. వేళకి రావాలి, గుర్తు చూపించాలి.

ఇది మామ్మ నీతి. మనవరాలి పుస్తకంలో నంది సంగతి నేను చెబుతాను. పిల్ల పుట్టుక గురించి మనం బడిలో విన్నది పరుగుపందెం కథ: కోట్ల శుక్రకణాలు పరుగెత్తుతాయి, ముందొచ్చినది గెలుస్తుంది, అండం పాపం కప్పులా కూర్చుని ఉంటుంది. ఆ కథ తప్పు. కోట్లలో బయలుదేరినవి అండం దాకా వచ్చేసరికి వందల్లో మిగులుతాయి. అలా వచ్చినవాటికీ వెంటనే ప్రవేశం లేదు. స్త్రీ శరీరంలో కొన్ని గంటలు గడిపి పక్వానికి వచ్చినదే పనికొస్తుందని 1951లో ఆస్టిన్, చాంగ్ ఎవరికి వారుగా కనిపెట్టారు. మామ్మ మాటలో చెప్పాలంటే, ఏల రావాలి.

బయటి గుమ్మం అండాన్ని చుట్టుకుని ఉండే పారదర్శకమైన పొర, జోనా పెల్లుసిడా. మనిషిలో అది నాలుగు రకాల ప్రోటీన్ల అల్లిక. వేరే జాతి కణాన్ని చాలావరకు ఆపేది ఇదే. 1976లో యానగిమాచి బృందం ఎలుకలాంటి హామ్‌స్టర్ అండాల పొర ఒలిచేసి చూస్తే, మనిషి శుక్రకణం లోపలికి దూరింది! నందిని లేపేస్తే ఎవడైనా వస్తాడు మరి.

లోపలి గుమ్మం దగ్గర అసలు పరిచయం. శుక్రకణం తల మీద ఉండే ప్రోటీన్‌ని 2005లో ఒసాకాలో ఒకాబే బృందం పట్టుకుంది. జపాన్‌లో పెళ్లిళ్లు కుదిర్చే దేవుడని పేరున్న గుడి ఇజుమో. ఈ ప్రోటీన్‌కి ఆ గుడి పేరే పెట్టారు. ఇజుమో లేని ఎలుకల్లో శుక్రకణాలు బయటి పొర దాటుకుని అండాన్ని తాకుతాయి, కానీ అందులో కలవలేవు. మరి అండం తరఫున పలికేదెవరు? ఆ జవాబుకి 9 ఏళ్లు పట్టింది. 2014లో ఇంగ్లండ్‌లో గావిన్ రైట్ బృందం దాన్ని దొరకబుచ్చుకుని రోమన్ల పెళ్లి దేవత జూనో పేరు పెట్టింది. తమాషా ఏమిటంటే, అది అంతకు ముందే తెలిసిన ప్రోటీన్. పోలిక చూసి నాలుగో ఫోలేట్ గ్రాహకం అని జాబితాలో రాసేసుకున్నారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఉందే, దాన్ని పట్టుకుంటుందనుకున్నారు. తీరా చూస్తే పట్టుకోదు! కణాలు ఒకదాన్నొకటి ఇట్టే గుర్తుపడుతుంటే, మనకి ఏళ్లు పట్టింది.

ఒకటి లోపలికి వెళ్లిందా, అండం తలుపు వేసేస్తుంది. ఎలుకల్లో దాదాపు 40 నిమిషాల్లో జూనో అండం పైనుంచి రాలిపోతుంది. అండం విడిచిన ఒక ఎంజైము బయటి పొరలోని ప్రోటీన్‌ని కోసేస్తుంది. ఆ తరవాత ఎంత బలమైనది వచ్చినా పట్టు దొరకదు.

మామ్మ టికెట్టు కొననివ్వలేదు. వరుసలోనే వెళ్లారు, రెండు గంటలు పట్టింది. మీరూ అరసవల్లి వెళితే శ్రీకాకుళంలో కోటేశ్వరుణ్ణి కూడా చూసి రండి. నంది అక్కడే, స్వామికి ఎదురుగా కూర్చుని ఉంటాడు.