పక్కింటివాడి మీద నమ్మకం

రేపల్లె నుంచి తెనాలి వచ్చి, అక్కడ రైలు మారి బాపట్ల దాటితే తర్వాత వచ్చే పెద్ద ఊరు చీరాల. చీరాల–పేరాలను మునిసిపాలిటీ చేయడంతో పన్ను సుమారు 4,000 రూపాయల నుంచి 40,000కు పెరిగింది. దానికి నిరసనగా 1921లో జనం ఊరే ఖాళీ చేశారు. 15 వేల పైచిలుకు మందిలో దాదాపు 13 వేల మంది పొలిమేర అవతల రామనగర్ పేరుతో పాకలు వేసుకున్నారు. అక్కడే దాదాపు పదకొండు నెలలున్నారు.

నడిపించింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో చదివొచ్చిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన రామదండు వలంటీర్లు ఆ ఏడాదే బెజవాడ కాంగ్రెస్ సభల్లో సేవలందించారు. అయితే గొప్పదనమంతా నాయకుడిదే అంటే నేనొప్పుకోను. ఒక్క కుటుంబం ఇల్లు వదిలితే నష్టం ఆ కుటుంబానిదే. పక్కింటివాడు కూడా కదులుతాడని, రేపు వెనక్కి జారుకోడని నమ్మితేనే ఎవరైనా తాళం వేసి బయటికొస్తారు. మధ్యలో గోపాలకృష్ణయ్యను జైలుకు పంపినా పాకలు వెంటనే లేచిపోలేదు. చివరికి డబ్బు కరవై, కష్టాలు ముదిరి జనం ఇళ్లకు తిరిగొచ్చారు. కానీ అన్నాళ్లు నిలబెట్టింది ఒకరిమీద ఒకరికున్న ఆ గురే.

మన ఆఫీసుల్లో మాత్రం పని అప్పగించి, గంటకోసారి "అయిందా?" అని ఫోను చేస్తాం! ఇవాళ తోటివారికి ఒక పని అప్పగించండి, సాయంత్రందాకా ఫోను చేయకండి.