సందేహం ఎవరి సొత్తు?

మా నాయనకి నేరమంటే ఏంటో ఏ పుస్తకమూ చెప్పలేదు. రెండు మిరపకాయ టిక్కీలు చెప్పినయి. జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్లో ఒక ఆసామి కొట్టంలో అవి పోయినయి. పొద్దుగూకేసరికి మాదిగపల్లెలోకి జీపొచ్చింది. ముందురోజు ఆ కొట్టంలో కూలికి పోయినోడు మా నాయన. అదే రుజువు. మూడో రోజు ఇంటికొచ్చాడు. అరికాళ్లు నేలకి ఆనక మోకాళ్ల మీద గుమ్మం దాటాడు. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారంట. టిక్కీలు అమ్ముకుంది ఆసామి కొడుకేనని తర్వాత ఊరంతా అనుకున్నారు. మా గుమ్మంలోకొచ్చి ఆ మాట చెప్పినోడు లేడు.

1996లో నేను లాలో చేరాను. జగ్గయ్యపేటలో బస్సెక్కి, నందిగామ దాటి, మునేరు దాటి విజయవాడ పోయేవాణ్ణి. సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చదివిన రోజు నాకు అన్నం పోలేదు. పోలీసు అధికారి దగ్గర చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు! 1872 నాటి చట్టం. మా నాయన పుట్టకముందే ఉంది. ఆయన అరికాళ్ల దాకా రాలేదంతే. 2024 జులై 1న కొత్త చట్టం వచ్చి సెక్షన్ నెంబరు 23 అయింది. సూత్రం మాత్రం అదే.

ఇంకో పాఠం చెప్పారు. పదిమంది దోషులు తప్పించుకున్నా సరే, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు. సందేహముంటే ముద్దాయిని వదిలెయ్యాలి. ఆ ఒక్క నిర్దోషీ నాకు మా నాయనలాగే కనపడ్డాడు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి పుట్టుకనే నేరం చేశారు. 1952 దాకా అది పూర్తిగా పోలేదు. ఎరుకలోళ్లని అడగండి, సందేహం లేకుండా నమ్మే రాజ్యం ఎట్టా ఉంటుందో. ఈ సూత్రం మనదేననుకున్నాను.

తర్వాత చుండూరు తీర్పొచ్చింది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. పదహారేళ్లకి, 2007 జులై 31న, ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. నేను నమ్ముకున్న సూత్రమే వాళ్లని బయటికి తెచ్చింది. ఆ రాత్రి నా చదువు మీద నాకే రోత పుట్టింది. ఈ సూత్రాన్ని తగలెయ్యాలా, దాచుకోవాలా?

మా నాయన దగ్గర కూచుని చెప్పాను. అంతా విన్నాడు. "నాకు పడ్డ దెబ్బలు ఇంకోడికి పడాలని నేనడగన్రా. నా అప్పుడు ఒక్కడికీ రాని అనుమానం వాళ్ల అప్పుడు ఇంతమందికి ఎట్టా వచ్చింది? అది అడుగు" అన్నాడు.

అప్పట్నించీ అదే అడుగుతున్నా. సందేహం ఆకాశం నుంచి ఊడిపడదు. దాన్ని తయారుచేస్తారు. ఫిర్యాదు ఆలస్యంగా రాసుకుంటే ఒక సందేహం. చెప్పింది ఒకటి, రాసింది ఒకటి అయితే ఇంకో సందేహం. నందిగామ కోర్టు దగ్గర ఒక కూలీ సాక్షి నాతో అన్నాడు: "సాచ్చెం చెబితే రేపు ఆళ్ల చేలోకి ఎట్టా పోనయ్యా?" ఆయన నోరు పెగలకపోవటమూ కాగితం మీద ఒక సందేహంగానే మిగిలింది.

కాబట్టి సూత్రాన్ని వదులుకోవద్దు. జైళ్లలో మనోళ్లున్నంతకాలం అది మనకే ఎక్కువ అవసరం. అడగాల్సింది సందేహాన్ని పుట్టించేవాళ్లని. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో 4వ సెక్షన్ ఉంది. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి తన విధిని కావాలని నిర్లక్ష్యం చేస్తే అది నేరం. 2015 సవరణ ఆ విధులేంటో వరసగా రాసింది. ఎఫ్.ఐ.ఆర్. కట్టాలి. నోటితో చెప్పింది రాసుకుంటే, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి.

చదివి వినిపించాకే! మా నాయన వేలిముద్ర వేసిన కాగితం మీద వినిపించటానికి ఒక్క అక్షరం లేదు. ఆ కాగితం మీద తర్వాత ఏం రాసుకున్నారో ఆయనకి ఇప్పటికీ తెలవదు. లా చదివే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, హత్య సెక్షన్ కంటే ముందు ఆ నాలుగో సెక్షన్ నేర్చుకోండి.