మైల ఎవరిది?

నీళ్లను మైల చేసేదెవరు? ముట్టినోడా, మురికి కలిపినోడా?

ఉప్పల్ దాటినంక నాగోలు వంతెన కాడ మూసీ నీళ్లు స్తంభాలకు కొట్టుకొని సుడి తిరుగుతయి. అక్కడ గాలమేసుడు కష్టం. జొన్నబెండు ఊరికే మునుగుతది, చేప పడ్డట్టే ఉంటది. "సుడి గుంజితే బెండు తిరుగుతది, చేప గుంజితే నిలువున మునుగుతది బిడ్డా" అనేటోడు మా నాయన. నాచారం నుంచి సైకిలు మీద పోయి, ఎర్రలు గుచ్చి పొద్దంతా కూర్చుంటే నాలుగు జెల్లలు దొరికేవి. కూరంతా సబ్బు వాసన. నగరం మురుగు, ఫ్యాక్టరీల మందునీళ్లు తాగి బతికిన చేపలాయె! అయినా తిన్నం.

మా తాతను ఊరిబాయిల చేద వేయనియ్యలేదు. మాదిగోడు ముడితే నీళ్లు మైలయితయట. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్లు తాగితే, సవర్ణులు ఆవుపేడ, మూత్రం పోసి ఆ చెరువును 'శుద్ధి' చేసిన్రు. కారంచేడులో మాదిగలు తాగే చెరువును మురికి చేయొద్దన్న కాడ గొడవ మొదలైంది. 1985 జులై 17న ఆరుగురిని చంపిన్రు.

మరి మూసీని ఇంత ఖరాబు చేసినోళ్లు మైలపడలేదేం?

నగరం పెరిగితే మురికి తప్పదంటరు. సరే, మురికి అందరిదే అయితే మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక చచ్చేటోళ్లలో ఎక్కువమంది మనోళ్లే ఎందుకు? రక్షణ లేకుండా మనుషుల్ని దింపొద్దని 2013లో చట్టమొచ్చింది. చావులు ఆగలేదు.

మురికి నీళ్లలో ఉంటది, కడిగితే పోతది. మైల వాళ్ల చూపులో ఉంది. మూసీని బాగుచేస్తమనేటోళ్లను మనం ముందుగాల అడగాల్సింది ఒక్కటే: కడగడానికి ఎవరిని దింపుతరు?