గడప దాటిన విశ్వాసము

పఠన భాగము: 2 తిమోతి 1:3–7, 3:14–17

పౌలు యెరూషలేములో గమలీయేలు పాదములయొద్ద విద్యనభ్యసించెను. తిమోతి యెవరి పాదములయొద్ద కూర్చుండెను? అపొస్తలుడు రెండు పేరులనే స్మరించుచున్నాడు: అవ్వయైన లోయి, తల్లియైన యునీకే. తండ్రి గ్రీసు దేశస్థుడు. అయినను ఆ బాలుడు పసితనమునుండియే పరిశుద్ధ లేఖనములను ఎరిగియుండెను. ఆ యిల్లే అతని మొదటి పాఠశాల.

నేడును మన దేశమున కొందరు తలిదండ్రులు బిడ్డలను బడికి పంపక ఇంటనే చదివించుచున్నారు. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ మూలముగా అట్టి బిడ్డలు పది, పన్నెండు తరగతుల పరీక్షలు వ్రాసి, పిమ్మట విశ్వవిద్యాలయ పట్టమును పొందవచ్చును. కావున చింత పట్టమును గూర్చినది కాదు. ఆ బిడ్డ పెద్దవాడై, తల్లి కంఠము వినబడని చోట ఒంటరిగా నిలిచిన దినమున ఏమగును? ఇదియే మన ప్రశ్న.

అట్టి చోటు ఒకటి ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్. 1947 దేశవిభజనలో ఇల్లు వాకిళ్లు కోల్పోయి వచ్చిన కుటుంబములకు ఆశ్రయమైన ఆ పేట, నేడు సివిల్ సర్వీసు పరీక్షకు సిద్ధపడు యువజనులతో నిండియున్నది. మన తెలుగు జిల్లాలనుండియు అనేకులు అచ్చటికి పోవుచున్నారు. ఇరుకు గది, గోడకు అంటించిన దేశపటము, మెస్సు భోజనము, రాత్రి పొద్దుపోవువరకు చదువు. ఉదయమున లేపువారు లేరు. ప్రార్థించితివా అని అడుగువారు లేరు.

ఇంట చదువుకొనిన యువకుడు అచ్చటికి వచ్చినయెడల ఒక మేలు కలదు. ఒంటరిగా కూర్చుండి చదువుట అతనికి క్రొత్త కాదు. గంట మ్రోగకపోయినను పుస్తకము తెరచును. అయితే వేరొక విషయమున అతడు తడబడవచ్చును. వేలమంది నడుమ తానును ఒకడనని తెలిసికొనుట, ఓడిపోయి మరల లేచుట, తన విశ్వాసమును ఎగతాళి చేయువానితో కోపము లేక మాటలాడుట, ఇవి పుస్తకములలో దొరకవు. ఆ పరీక్షయందే మొత్తము 2025 మార్కులలో 275 మార్కులు ముఖాముఖి సంభాషణకు ఉంచబడినవి. వ్రాతలో నెగ్గినవాడును మనుష్యుల యెదుట కూర్చుండి మాటలాడవలెను.

తిమోతియందును ఈ రెండును కనబడుచున్నవి. లేఖనములలో అతడు స్థిరుడు. లుస్త్రలోను ఈకొనియలోను సహోదరులు అతనిని మెచ్చుకొనిరి. అయినను పిరికితనము దేవుని వరము కాదని పౌలు అతనికి జ్ఞాపకము చేయవలసివచ్చెను. అతని జంకు తీర్చి ఆదరింపుడని కొరింథు సంఘమునకు వ్రాయవలసివచ్చెను (1 కొరింథీ 16:10, 11). ఆ జంకు ఎచ్చటనుండి కలిగెనో లేఖనము చెప్పదు. దాని మందు మాత్రము చూపుచున్నది. పౌలు అతనిని ఇంటికి తిరిగి పంపలేదు, తనవెంట తీసికొనిపోయెను. ప్రయాణములలో, ఎఫెసు సంఘపు చిక్కులలో ఆ యౌవనుడు ఆరితేరెను. తల్లి అడ్డుపడెనని వ్రాయబడలేదు.

మన దేశ చరిత్రయందును ఇట్టి సాక్ష్యము కలదు. 1858లో జన్మించిన పండిత రమాబాయి బాల్యమున బడికి పోలేదు. తండ్రి అనంతశాస్త్రి లోకనింద సహించి భార్యకు సంస్కృతము నేర్పెను. ఆ తల్లి కుమార్తెకు నేర్పెను. ఆ కుటుంబము యాత్రలు చేయుచు ఊరూరు తిరిగెను గనుక ఆమె ఇంటి బడికి గోడలు లేవు. కరవు కాలమున తలిదండ్రులు మరణించినను ఆమె హృదయమందలి విద్య నశింపలేదు. 1878లో కలకత్తా పండితులు ఆమెను సన్మానించిరి. తరువాత ఆమె క్రీస్తును ఎరిగి, 1889లో బొంబాయిలో శారదా సదనమును స్థాపించి, దిక్కులేని విధవలకు తల్లియై, బైబిలును మరాఠీలోనికి అనువదించెను. ఇంట పొందినదానిని ఇల్లు లేనివారికి పంచిపెట్టెను.

తలిదండ్రులారా, మన చేతులు చేరని స్థలములు కలవు. 2024 జూలై 27 సాయంకాలమున ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని ఒక శిక్షణా కేంద్రపు నేలమాళిగలోనికి వాననీరు ముంచుకొనివచ్చి, చదువుకొనుచున్న ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. ఆ తలిదండ్రుల దుఃఖము నెదుట మనము మౌనముగా తల వంచుదుము. ఎంత ప్రేమించినను మన యింటి గోడలు బిడ్డవెంట రావు. వాని హృదయమందు నాటినది మాత్రమే వానివెంట పోవును.

హన్నా సమూయేలునకు ఏటేట అంగీ కుట్టి తీసికొనిపోయెను. బాలుడు ఎదుగుచుండగా అంగీ కొలతయు మారియుండవలెను గదా! మన పెంపకమును అట్లే వానితోకూడ పెరుగవలెను. ఇంట నేర్పుడి, అయితే ఇరుగుపొరుగు బిడ్డలతో ఆడనిండు, పెద్దలను ప్రశ్నింపనిండు, తప్పిపోయి నేర్చుకొననిండు.

ఇంట పెరిగిన సహోదరుడా, సహోదరీ, ఆ పెంపకమును తృణీకరింపకుము. దాని చాటున దాగియుండకుము. నగర సంఘములారా, అద్దె గదులలో ఒంటరిగానున్న తిమోతులను వెదకి, మీ భోజనపు బల్లయొద్ద చోటియ్యుడి.

ప్రార్థన: తండ్రీ, మా యింట నీవు వెలిగించిన దీపమును గడప దాటి మోసికొనిపోవు ధైర్యమును మా బిడ్డలకును, వారిని పోనిచ్చు విశ్వాసమును మాకును దయచేయుము. ఆమేన్.