డోర్నకల్: అవసరమూ విశ్వాసమూ

కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్‌ను జంక్షన్ చేసింది బొగ్గు. 19వ శతాబ్దం చివర నిజాం రైల్వే ప్రధాన మార్గం నుంచి ఇల్లందు గనులకు పాయ చీలింది ఇక్కడే.

తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వి.ఎస్. అజరయ్య 1909లో మిషనరీగా ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. పీఠం ఏ పట్నంలోనో కాక ఈ రైల్వే ఊళ్లోనే వెలిసింది.

దాని పరిధిలో మాల, మాదిగ కుటుంబాలు వాడలకు వాడలుగా క్రైస్తవంలో చేరాయి. 1930లలో గాంధీ ‘హరిజన్’ పత్రికలో ఇలాంటి సామూహిక మతాంతరీకరణలను నిలదీశారు. బడి, వైద్యం, అండ చూసి కలిగిన విశ్వాసం విశ్వాసమేనా? మతాల మంచిచెడ్డలు తేల్చుకునే స్థితి ఆ పేదలకు ఉందా?

మొదటి ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేం. లాభం కోసం పట్టిన మతాన్ని లాభం పోగానే వదిలేయవచ్చు. అయినా అవసరం ఉన్నంత మాత్రాన నమ్మకం బూటకం కాదు. జీతం కోసమే కొలువులో చేరిన పాయింట్స్‌మన్ అప్రమత్తత నటన కాదు కదా. రెండో ప్రశ్న మరీ బలహీనం. తేల్చుకునే శక్తి లేదంటే పాత మతంలో ఉండిపోవడమూ వారి ఎంపిక కాదు. గుడి గడప తొక్కనివ్వని రోజుల్లో వారి సమ్మతిని ఎవరూ అడగనే లేదు.

అజరయ్య వాదన వేరు. కొత్తగా చేరినవారి నడవడిలో వచ్చిన మార్పును ఆయన సాక్ష్యంగా చూపేవారు. దాన్ని చూసి పై కులాలవారూ వస్తున్నారనేవారు. ఇందులోనూ చిక్కుంది: మంచి నడవడికి మతం మారనక్కర్లేదని గాంధీ పక్షం వెంటనే అనగలదు. పైగా మాల, మాదిగ భేదం చర్చి లోపలికీ వచ్చింది. దాంతో ఆయన చివరిదాకా పెనుగులాడాల్సి వచ్చింది.

అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నది అజరయ్యే. చర్చి ఓట్ల లెక్కగా మారితే మతం మారడానికి మరో లౌకిక కారణం పుడుతుంది. ఆ భయం వరకు ఆయనా గాంధీ ఒకే వైపు ఉన్నారు.

1939లో ప్రతిష్ఠించిన ఇక్కడి కెథీడ్రల్‌లో మసీదు గుమ్మటాలు, దేవాలయ మండపపు స్తంభాలు కలిసి కనిపిస్తాయి. క్రైస్తవుడైనవాడు పరాయివాడవుతాడన్న ఆక్షేపణకు అది రాతిలో ఇచ్చిన జవాబు. అజరయ్య 1945 జనవరి 1న మరణించారు. 1947లో ఈ పీఠం చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిసింది.