నాదమునకు గుడి యెక్కడ?

పవిత్రత పాటయందుండునా, పాడిన చోటనుండునా యను సంశయము నన్ను యౌవనము నుండియు వెంటాడుచున్నది. చర్చి పాటలతో పెరిగిన సిస్టర్ రోసెట్టా థార్ప్ 1938లో గిటారు చేతబట్టి న్యూయార్కు కాటన్ క్లబ్బను నైట్‌క్లబ్బులో భక్తిగీతములు పాడగా విశ్వాసులు కొందరు నొచ్చుకొనిరి. కాని రాక్ అండ్ రోల్ ఉత్సాహమంతయు ఆమె వ్రేళ్లయందప్పటికే మొలకెత్తియుండెనని నా నమ్మకము. జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1964 డిసెంబరులో రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' ఆల్బమునైతే తలుపు మూసికొని వినెడివాడను: సూది గరగరల నడుమ నాలుగు స్వరముల చిన్న పలుకును శాక్సఫోనుపై పండ్రెండు శ్రుతులకును త్రిప్పి, పిదప దానినే నోట జపించి, తుదిభాగమున తాను వ్రాసికొన్న ప్రార్థనను వాద్యముతోనే మాటమాటగా చదివి ఆ మహానుభావుడు విరమించిన పిమ్మట, పళ్లెము ఊరక తిరుగుచుండగా, సూదిని పైకెత్తుటకు నాకు చేతులు రాకుండెడివి.