పోలీసువాడు ఎవరికి లెక్క చెప్పవలెను?

ధ్యానభాగము: అపొ. కార్యములు 22:24–30, 23:23–30



యెరూషలేము దేవాలయమునొద్ద జనులు పౌలును చంపబోవుచుండగా, క్లౌదియ లూసియ అను సహస్రాధిపతి సైనికులతో పరుగెత్తివచ్చి అతని ప్రాణము కాపాడెను. తరువాత కుట్ర సంగతి తెలిసి, 200 మంది సైనికులను, 70 మంది గుఱ్ఱపురౌతులను, 200 మంది యీటెలవారిని తోడిచ్చి, రాత్రివేళ అతనిని కైసరయకు సాగనంపెను. ఇతడు దుర్మార్గుడు కాడు, పని తెలిసిన అధికారి.

అయితే ఈ రెండింటి నడుమ ఒకటి జరిగెను. నిజము రాబట్టుటకై పౌలును కొరడాలతో కొట్టుడని అతడే ఆజ్ఞాపించెను. పౌలు రోమీయుడని తెలియగా, బంధించితినే యని భయపడెను. ఇక ఫేలిక్సుకు అతడు వ్రాసిన ఉత్తరము చూడుడి. పౌలు రోమీయుడని విని తాను తప్పించితినని వ్రాసెను. సంకెళ్ల మాట లేదు, కొరడాల మాట లేదు. వెనుక జరిగినది ముందుకు వచ్చినది. లూకా జరిగిన సంగతిని, ఆ ఉత్తరమును రెండింటిని వ్రాసియుంచెను గనుక మనకు తెలిసినది.

మంచి పని చేసిన అధికారి తన తప్పును కాగితములో దాచవచ్చునా? ఇదే మన ప్రశ్న.

అధికారి దేవుని పరిచారకుడని రోమా పత్రిక 13వ అధ్యాయము చెప్పుచున్నది. కాబట్టి అతనిని ఎవరును ప్రశ్నింపరాదని కొందరందురు. మేమట్లు తలంచము. పరిచారకుడనగా యజమానుడు గలవాడు. యజమానుడు గలవాడు లెక్క చెప్పవలసినవాడు. లాఠీ అతని సొత్తు కాదు, అతనికి అప్పగింపబడినది.

మన దేశములో ఈ లెక్క అడుగుట క్రొత్త కాదు. మన తెలుగు జిల్లాలు అనేకము మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1855లో ఒక విచారణ సంఘము, శిస్తు వసూలుకును నేరము ఒప్పించుటకును హింస వాడుకలోనున్నదని తేల్చెను. పోలీసువాని యెదుట ఒప్పుకొన్న మాట నిందితునిపై రుజువుగా చెల్లదని 1872 సాక్ష్యచట్టము చెప్పెను. 2023 నాటి క్రొత్త చట్టములోను ఆ నియమము నిలిచియున్నది. 1996లో డి. కె. బసు వ్యాజ్యములో సుప్రీంకోర్టు, అరెస్టు చేయువాడు తన పేరు, హోదా కనబడునట్లు ధరింపవలెననియు, అరెస్టు పత్రముమీద కుటుంబికుడు గాని ఆ చోటి పెద్దమనిషి గాని సాక్షి సంతకము చేయవలెననియు, 48 గంటలకొకసారి వైద్యపరీక్ష జరుగవలెననియు ఆజ్ఞాపించెను.

“కొట్టనిదే దొంగ నిజము చెప్పునా?” అని మనలోనే అనువారున్నారు. దెబ్బకు వచ్చునది దెబ్బ మాన్పుకొను మాట. అది నిజమే యని ఎవరు చెప్పగలరు? కొరడా దింపించి, మరునాడు మహాసభను కూర్చి విన్న తరువాతనే, అది ధర్మశాస్త్రమును గూర్చిన వాదమని లూసియకు తెలిసెను.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువతిపై జరిగిన ఘోరనేరములో నిందితులైన నలుగురు పోలీసు కాల్పులలో చనిపోగా, జనులు పోలీసువారిమీద పూలు చల్లిరి. ఆ యువతి కుటుంబము దుఃఖము చిన్నది కాదు. కాని ఆత్మరక్షణకై కాల్చితిమన్న మాట నమ్మదగినది కాదని సుప్రీంకోర్టు నియమించిన విచారణ సంఘము నివేదికలో వ్రాసెను. అది 2022లో వెల్లడియైనది. కోర్టులు ఏమి తీర్చినను, మన పూలకు మనము దేవునియెదుట లెక్క చెప్పవలెను.

పోలీసు ఉద్యోగములోనున్న మన బిడ్డలారా, యోహాను తనయొద్దకు వచ్చిన సైనికులను కొలువు మానుడనలేదు. సొమ్ము గుంజవద్దనియు, అబద్ధ నేరము మోపవద్దనియు, జీతముతో తృప్తిపడుడనియు చెప్పెను (లూకా 3:14). క్రిస్మసునాడు సహితము డ్యూటీలో నిలుచు మీ కష్టము సంఘమునకు తెలియును. మీరు వ్రాయు డైరీలో జరిగినది జరిగినట్లు వ్రాయుడి.

మిగిలిన మనము, “వానికి నాలుగు తగిలించండి” అని ఠాణాకు సిఫారసు పంపకుందము. మనవానిని విడిపించుటకు చేయి తడుపకుందము. అరెస్టు పత్రముమీద సాక్షి కావలసివచ్చినప్పుడు, పట్టబడినవాడు ఏ కులమువాడైనను ఏ మతమువాడైనను, సంఘపెద్దలు వెళ్లి, చదివి, సంతకము చేయుదురు గాక.

ఫిలిప్పీలో పౌలు, తమ్మును రహస్యముగా వెళ్లగొట్టుటకు ఒప్పుకొనక, న్యాయాధిపతులే వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెననెను (16:37). అది పగ కాదు. అందరియెదుట జరిగిన అన్యాయము అందరియెదుట దిద్దబడవలెనని అడుగుటయే. అట్టి ధైర్యమును ప్రభువు మనకును, అట్టి యథార్థతను మన రక్షకభటులకును దయచేయును గాక. ఆమేన్.